పచ్చి జాయింటు

దగ్గరికి జరగండమ్మా, ఇంకాస్త దగ్గరికి. ఆ ఫ్యాను తగ్గించండి, దాని రొదలో సగం మాటలు కొట్టుకుపోతాయి. ఈ వారం చెప్పేది గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదు. మధ్యలో లేచేవాళ్ళుంటే ఇప్పుడే వెళ్ళి రండి.

కిందటి వారం ఎక్కడున్నాం? కరెంటక్క దగ్గర. తండ్రి పోయాక, బండ్లకు వైరింగ్ చేసే ఆయన షెడ్డును తన రెక్కల మీద నడుపుకొస్తున్న మనిషి. అసలు పేరు ఉత్తరాలు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు, వీధి వీధంతా కరెంటక్క అనే పిలుస్తుంది. ఆమెకు ఒక్కడే తమ్ముడు. వాడిది ఎడమచేతి వాటం. తల్లి లేని పిల్లవాడని చంకనేసుకుని పెంచింది, పెద్దయ్యాక తన పక్కనే కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

ఆ తమ్ముడికి ఉన్నట్టుండి ఒక పాత స్పోర్ట్స్ కారు మీద మోజు పుట్టింది. రెండే తలుపులు, నేలను కరుచుకున్నట్టుండే ఒళ్ళు, కనురెప్పల్లా పైకి లేచే ముందు దీపాలు. "ఎందుకురా మనకది? అందులో కూర్చోవాలంటే పడుకోవాలి, దిగాలంటే ఇద్దరు పట్టుకు లాగాలి" అని ఆమె నవ్వింది. వాడు నవ్వలేదు. "కొనాలక్కా" అన్నాడు. అన్నం దగ్గర అదే మాట, పని దగ్గర అదే మాట. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

అమ్మే మనిషి గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఆయన ఒక షరతు పెట్టాడు. కరెంటు పని తెలిసినవాళ్ళు వచ్చి, బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఏ లోపమూ లేదని తన ముఖాన చెబితేనే తాళం ఇస్తానన్నాడు. "ఆ పని నాకూ వచ్చండీ" అన్నాడట తమ్ముడు. "కొనేవాడివీ నువ్వే, చూసేవాడివీ నువ్వే అయితే ఎలా బాబూ? మీ అక్కను తీసుకురా. ఆమె మాట మీద అందరికీ నమ్మకం" అన్నాడట ఆయన.

అలా అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆయన గేటు ముందు దిగారు. దిగుతూ తమ్ముడన్న మాట కూడా మీకు గుర్తుండాలి. "బ్యాటరీ చూడు, దీపాలు చూడు, బాగుందని చెప్పు. స్టీరింగ్ కింద మాత్రం ఏం విప్పకక్కా. అక్కడేం లేదు."

అక్కడేం లేదని నీకు ముందే ఎలా తెలుసురా అని ఆమె అడగబోయింది. అంతలో గేటు తెరుచుకుంది. అక్కడ ఆపాం.

గడియారాలాయన సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. రోజంతా బల్ల మీద వంగి పనిచేసే మనిషి నడిచేటప్పుడు కూడా వంగే ఉంటాడు. కుడి కంటి చుట్టూ గుండ్రటి మచ్చ, ఏళ్ళ తరబడి భూతద్దం నొక్కుకుని నొక్కుకుని పడింది. వాళ్ళను ఇంటి పక్కనున్న కార్ల గదిలోకి తీసుకెళ్ళాడు. ముందు ఇనప షట్టరు, వెనక ఇంట్లోకి వెళ్ళే చెక్క తలుపు. నేల తుడిచి తుడిచి అద్దంలా ఉంది. మధ్యలో దుప్పటి కప్పుకుని బండి.

ఆయన దుప్పటిని ఒక్కసారిగా లాగలేదు. నిద్రపోతున్న పిల్ల ముఖం మీంచి తీసినట్టు మెల్లగా మడిచి తీశాడు. నల్లటి నలుపు, మెరుస్తున్న కారు.

"మీరు తోలతారా?" అంది కరెంటక్క, ఏదో ఒకటి అడగాలని.

"నాకు రాదమ్మా. ఇది మా అమ్మాయిది."

"ఆవిడ వేరే బండి కొనుక్కుంటున్నారా?"

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు బూట్ల వైపు చూసుకున్నాడు.

"మీ తమ్ముడు చెప్పలేదా?" అన్నాడాయన. "అమ్మాయి లేదమ్మా. ఈ బండిలోనే పోయింది. కల్వర్టు మలుపు దగ్గర, వర్షంలో. మలుపు తిరగకుండా తిన్నగా వెళ్ళిపోయింది. వేగంగా తోలిందని పోలీసులు రాశారు. స్పోర్ట్స్ కారు, వయసులో ఉన్న పిల్ల, ఇంకేం రాస్తారు? పలకరించడానికి వచ్చినవాళ్ళూ అదే అన్నారు. అంత స్పీడెందుకమ్మా ఆడపిల్లకి అని, నా ముందే."

కరెంటక్క తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. ఇంటికెళ్ళాక నీ సంగతి చెబుతానన్న చూపు.

"అమ్మేయక ఏం చేసుకుంటాను?" అన్నాడాయన. "కానీ ఇంకొకరి పిల్లని చంపడానికి అమ్మలేను గదా. రేకు పని చేయించాను, రంగు మార్పించాను. లోపలి సంగతి నాకు తెలీదు. ఇంకోటి కూడా ఉందమ్మా." ఆయన చెక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "లోపల మా ఆవిడ ఉంది. ఆ సాయంత్రం పిల్లకి ఫోన్లో చెప్పింది, వాన ముంచుకొస్తోంది, త్వరగా రావే అని. అప్పట్నుంచి మాట్లాడటం మానేసింది. తను తొందర పెట్టబట్టే పిల్ల వేగంగా వచ్చిందని. నేనూ… నేనూ ఒకరోజు కోపంలో ఆ మాట అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోడానికి ఉండదమ్మా అది."

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎందుకుందో అప్పుడు తెలిసిందామెకు.

ఇంక మాట్లాడకుండా పనిలో దిగింది. చేతులకు పని దొరికితే మనసు కాస్త నిలబడుతుంది గదా. పాత బండి కొనేవాళ్ళు పైన మెరుపు చూసి మోసపోతారు, ఆమె ముందు కింద చూసింది. కాళ్ళ కిందుండే గుడ్డను ఎత్తి అరచెయ్యి పెట్టింది, తేమ ఉందా అని. ముక్కు పెట్టి వాసన చూసింది. నీళ్ళలో నానిన బండయితే ఎంత కడిగినా ముక్కిన వాసన వదలదు. ఇది పొడిగానే ఉంది. బ్యాటరీ తీగ ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టి, తలుపులన్నీ మూయించింది. అన్నీ ఆపేసి ఉన్నా బ్యాటరీని ఎవరైనా దొంగచాటుగా తాగేస్తున్నారేమోనని అది చూడటం. మీటరు కాస్త ఎక్కువే చూపించింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయింది. పాటల పెట్టె ఫ్యూజు పీకగానే మీటరు పడుకుంది.

"ఇదొక దొంగ" అంది.

"మా అమ్మాయికి పాటలు లేందే బండి కదిలేది కాదు" అన్నాడాయన. ఆ మాటలో నవ్వు లాంటిది ఏదో వచ్చి, దారిలోనే చచ్చిపోయింది.

అద్దాలు దింపి ఎక్కించింది. వైపర్లు, హారను, వెనక దీపాలు. బ్యాటరీ నుంచి ఇంజనుకు వెళ్ళే ఎర్తు తీగ పట్టుకుని ఊపింది. కనెక్టర్లు విప్పి చిలుము పట్టిందేమో చూసింది. అన్నీ బాగున్నాయి. అప్పుడు ముందు దీపాలు వేసింది. రెండు రెప్పలూ లేచాయి, గోడ మీద రెండు తెల్లటి వృత్తాలు పడ్డాయి.

"బాగున్నాయి గదా. ఇంక ఆపెయ్యక్కా" అన్నాడు తమ్ముడు.

"ఉండనీ."

"బ్యాటరీ దిగిపోద్ది."

"దిగనీరా. చల్లగా ఉన్నప్పుడు అన్నీ వెలుగుతాయి, వేడెక్కాక చూడాలని నాన్న నీకు చెప్పలేదా, నాకొక్కదానికే చెప్పాడా? ఆ షట్టరు దించు."

వాడు కదల్లేదు. గడియారాలాయనే వెళ్ళి దించాడు. గది చీకటయింది, రెండు వృత్తాలు ఇంకా తెల్లగా కనిపించాయి. ముగ్గురూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ఇంట్లో ఎక్కడో కుళాయి చుక్క చుక్క పడుతోంది. తమ్ముడు మాత్రం ఊపిరి గట్టిగా తీస్తున్నాడు, మెట్లెక్కి వచ్చినవాడిలా.

చాలాసేపటికి గోడ మీది వెలుగు ఒక్కసారి వణికింది. మళ్ళీ నిలబడింది. మళ్ళీ వణికింది. అంతే, రెండూ ఒకేసారి ఆరిపోయాయి.

చీకట్లో గడియారాలాయన గొంతు వినిపించింది. "ఇలాగేనా?"

ఆయన అడుగు గోడ వైపు పడింది.

"ఆ రోజు కూడా ఇలాగేనా అమ్మా? వానలో, మలుపులో… ఇలాగే ఆరిపోయాయా?"

"ఆగండి బాబాయ్ గారూ" అంది కరెంటక్క. నోటికి వచ్చిన వరస అది. స్టీరింగ్ కింద పిడికిలితో ఒక్క దెబ్బ వేసింది. దీపాలు వెలిగాయి. అంటే జబ్బు అక్కడే ఉంది. "ఇది విప్పాలి. గట్టి వెలుతురు కావాలి నాకు."

"నా బల్ల మీది దీపం తెస్తాను" అని ఆయన చెక్క తలుపులోంచి తడబడుతూ వెళ్ళాడు.

కరెంటక్క స్క్రూలు విప్పి, రేకు పక్కన పెట్టి, కాళ్ళు బయటకు చాచి, తల స్టీరింగ్ కింద దూర్చి వెల్లకిలా పడుకుంది. పళ్ళ మధ్య చిన్న టార్చి. ముందు కనిపించింది రంగు. కొత్త నలుపు చేరని చోట, ఒక ఇనప పట్టీ మీద, గోరంత పసుపు. పసుపు రంగు బండా ఇది! ఇలాంటి పసుపు బండి ఒకటి ఎప్పుడో షెడ్డుకొచ్చిందని తోచింది. ఆ తోచిన మాట ఇంకా పూర్తి కాలేదు, టార్చి వెలుగు దీపాలకు వెళ్ళే తీగ మీద పడింది. తీగ మీద నల్ల టేపు. టేపు మీద ఎర్ర దారం, రెండు ముళ్ళు.

ఆ దారం సంగతి మీకు చెప్పాలి. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. రెండు తీగల్ని మెలేసి, కరిగించిన టంకం పోసి, అప్పుడు టేపు చుడితే అది పక్కా జాయింటు. ఒక్కోసారి టంకం పెట్టే వీలుండదు, బండి మనిషి తొందరలో ఉంటాడు. అప్పుడు ఉత్తినే మెలేసి టేపు చుట్టి పంపిస్తారు. దాన్ని వాళ్ళు పచ్చి జాయింటు అనేవారు. వేడికి అది వదులవుతుంది, వదులయ్యేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అందుకని దాని మీద ఎర్ర దారం కట్టేవారు, ఇది పచ్చిది, మళ్ళీ వచ్చినప్పుడు ఇది చూడకుండా పంపకూడదని. ఊరంతటికీ ఆ అలవాటున్న షెడ్డు వాళ్ళదొక్కటే. ఆ షెడ్డులో చేతులు రెండు జతలే, అక్కవీ తమ్ముడివీ.

ఆమె బయటకు వచ్చి నేల మీదే కూర్చుంది.

"ఇందుకా?" అంది. "ఇందుకేనా కొంటానని నా ప్రాణం తీశావు? ఇంకెవరైనా విప్పితే బయటపడుతుందనా?"

తమ్ముడు చెక్క తలుపు వైపు చూశాడు. "అక్కా, మెల్లగా. ఆయనొస్తాడు."

"రానీ! ఒక పిల్ల చచ్చిపోయిందిరా! పచ్చి జాయింటు కట్టి వదిలేస్తావా దీపాల తీగకి? పైగా ఆ పిల్లే స్పీడుగా తోలిందంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావా? ఆ తల్లి లోపల…" మాట పూర్తి కాలేదు, లేచి వాడి చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా వాణ్ణి కొట్టి ఎరగదామె.

వాడు చెంప తడుముకోలేదు. "మళ్ళీ చూడక్కా" అన్నాడు.

"ఏం చూడాలి?"

"టేపు ఎటు తిరిగిందో చూడు. నువ్వు ఎటు చుడతావు, నేనెటు చుడతాను?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత వాడి ఎడమ చెయ్యి చూసింది. వాడు చుట్టే టేపు ఎప్పుడూ ఎదురు తిరుగుతుంది, విప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆమె వాణ్ణి తిట్టుకుంటూనే విప్పుతుంది. మళ్ళీ కింద దూరింది. టార్చిని మళ్ళీ పళ్ళ మధ్య బిగించింది. టేపు తిన్నగా కుడికి తిరిగి ఉంది. చివర కత్తిరించకుండా పళ్ళతో కొరికినట్టుంది. టేపును పళ్ళతో కొరికేది ఆమె ఒక్కతే.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. పసుపు బండి. దాని పక్కన నిలబడి కిలకిలా నవ్విన పిల్ల, తల తడిసి, చేతిలో చెప్పులు పట్టుకుని. ఆ రోజు కరెంటు పోయి టంకం పెట్టే కడ్డీ వేడెక్కలేదు. "కాసేపు ఉండమ్మా" అంటే, "పోనీలే అక్కా, మళ్ళీ వస్తాగా" అంది. మళ్ళీ తప్పకుండా రమ్మని, మెలేసి, చుట్టి, దారం కట్టి పంపేసింది. ఆ తర్వాత ఎన్ని బండ్లో వచ్చాయి. ఆ పిల్ల మళ్ళీ వచ్చిందా లేదా అని ఒక్కసారైనా అనుకోలేదు.

"నీకెప్పుడు తెలుసు?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"రేకు పని చేసే షెడ్డులో. వాళ్ళు నన్ను వైర్లు చూడమని పిలిచారు. దారం కనపడింది. అక్కడే తీసేద్దామంటే ఈయన రోజూ వచ్చి బండి పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు, సందు దొరకలేదు. అందుకే కొనేస్తే, తీగ మార్చి పారేస్తే… నీకసలు తెలియనే కూడదనుకున్నా."

"మరి ఆ తల్లి? ఆవిడ మాట్లాడటం మానేసిందటరా."

"నాకు తల్లివి నువ్వే కదక్కా" అన్నాడు వాడు.

ఆమె వేలు ఆ ఎర్ర దారం ముడి మీద ఆగింది.

లోపల అడుగుల చప్పుడు. వాడు కంగారుగా వంగాడు. "కత్తిరించి ఇచ్చెయ్ నాకు. తుప్పు పట్టిన కనెక్టరని చెప్పు. ఆయనకేం తెలుసు? లేదంటే నాదని చెప్పు, నేను కట్టానని చెప్పు, నేను ఒప్పుకుంటా. షెడ్డు నడిచేది నీ పేరు మీద. నువ్వు పోతే షెడ్డు లేదు, నేనూ లేను."

ఆమె కత్తెర తీసి, ఆ ముక్కను ఇటూ అటూ కత్తిరించి పిడికిట్లో పెట్టుకుని బయటకు వచ్చింది. గోడ మీది వృత్తాలు ఆరిపోయాయి. ఈసారి మళ్ళీ వెలగవు.

గడియారాలాయన బల్ల దీపం తీసుకుని వచ్చాడు. అక్క ముఖం చూశాడు, తమ్ముడి ఎర్రబడ్డ చెంప చూశాడు. దీపం కింద పెట్టాడు.

"ఏముందమ్మా?"

తుప్పు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీద దాకా వచ్చింది కూడా. ఆయన నమ్ముతాడు, నమ్మాలనే పిలిపించుకున్నాడు. బండి అమ్ముడుపోతుంది, తమ్ముడు ఇంటికొస్తాడు, రేపు పొద్దున షెడ్డు షట్టరు ఎప్పటిలా లేస్తుంది. లోపలి మనిషి మాత్రం, బతికున్నన్నాళ్ళూ, నా పిల్లను నేనే చంపుకున్నానని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది.

కరెంటక్క పిడికిలి విప్పింది.

ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని, ఆ ముక్కను దీపం కిందకు తీసుకెళ్ళి, టేపు కొసను గోటితో ఎత్తి చూశాడు. లోపల రాగి నల్లగా కాలి ఉంది.

"ఎవరు కట్టారిది?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాడు తమ్ముడు ముందుకొచ్చి.

"వాడు కాదు" అంది కరెంటక్క. "నేను. మీ అమ్మాయి మా షెడ్డుకొచ్చింది. టంకం పెట్టకుండా పంపాను. పచ్చిదని తెలిసే పంపాను."

"అబద్ధమండీ, నన్ను కాపాడటానికి…"

"నోర్ముయ్యరా!"

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకుంది, పోలీసుల్ని పిలుస్తాడనుకుంది. ఆయన ఆ ముక్క కింద పడకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఎవరన్నది తర్వాత" అన్నాడు. "ముందు ఆవిడకి చెప్పాలి. నాకు చెప్పింది చెప్పినట్టు ఆవిడకి చెప్పు." తలుపు తోసి లోపలికి పిలిచాడు. "ఏమే! ఒక్కసారి రా. మన పిల్ల సంగతి… నువ్వనుకుంటున్నది కాదు. ఒక్కసారి రా."

తర్వాత చెప్పులు ఈడ్చుకుంటున్న చప్పుడు. గుమ్మంలోకి ఒక సన్నటి మనిషి వచ్చి నిలబడింది, కొంగు చివర వేలికి చుట్టుకుని. బండి వైపు చూడలేదు.

కరెంటక్క చేతులు జోడించబోయి, ఆ నూనె చేతుల్ని ఏం చేయాలో తెలియక కిందికి దించేసింది. "అమ్మా" అంది. "మీ అమ్మాయికి దారి కనపడలేదమ్మా. మీరు తొందర పెట్టినందుకు కాదు. దీపాలు ఆరిపోయాయి. ఆ దీపాల తీగ కట్టింది నేను. మీ తప్పేం లేదు. నాది."

ఆవిడ కొంగును వేలి మీంచి విప్పింది. పెదవులు కదిలాయి. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, గరగరలాడుతూ వచ్చింది.

"కరెంటక్కవి నువ్వేనా?"

గడియారాలాయన గోడ పట్టుకున్నాడు, భార్య గొంతు విని.

"నేనేనమ్మా."

"అది పోయిన రోజు కూడా నీ దగ్గరికే మళ్ళీ వచ్చింది" అంది ఆవిడ. "దీపాలు ఆరి ఆరి వెలుగుతున్నాయమ్మా, అక్క రమ్మంది, చూపించుకుని వస్తానని పొద్దున చెప్పి మరీ వెళ్ళింది. సాయంత్రం ఫోన్ చేస్తే, అక్క లేదమ్మా, షెడ్డుకి తాళాలు వేస్తున్నతను రేపు రమ్మన్నాడు, ఇవాళ్టికి ఏం కాదు వెళ్ళిపొమ్మన్నాడు అంది. అప్పుడన్నాను నేను, అయితే త్వరగా వచ్చెయ్యవే, వాన వస్తోందని."

ఆవిడ మొదటిసారి తల ఎత్తి చూసింది.

"వెళ్ళిపొమ్మన్నది ఎవరమ్మా?"

కరెంటక్క వెనక్కి తిరిగింది. తమ్ముడు అప్పటికే షట్టరు దగ్గరున్నాడు. ఎత్తడానికి వంగాడు, చెయ్యి దాని మీదే ఉంది. కానీ ఎత్తడం లేదు, నిలబడటం లేదు, అక్క ముఖంలోకి చూడటమూ లేదు.

ఇవాళ్టికి నా గొంతు ఇంతకంటే పలకదర్రా. మీరిది మర్చిపోకండి. వినని వాళ్ళెవరైనా అడిగితే కూర్చోబెట్టి చెప్పండి, దారం సంగతీ చెప్పండి, చెంపదెబ్బా చెప్పండి. ఆ తల్లి అడిగింది మాత్రం ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పండి. తప్పెవరిదో మీరు తేల్చేయొద్దు. విన్నవాళ్ళను కూడా ఆ చీకటి గదిలో, వాడి చెయ్యి చూస్తూ, కాసేపు నిలబడనివ్వండి.